నత్తగుల్ల సూపర్‌చార్జరూ, క్లీనర్ ముత్యమూ

బహ్రెయిన్‌లో, సల్మాబాద్‌లోని ఆ గ్యారేజీకి వచ్చేవాళ్లలో సగం మంది, ముత్యం లేడంటే కారు దిగకుండానే వెనక్కి తిప్పుకొని వెళ్లిపోతారు. అయినా అతని సీపీఆర్ గుర్తింపు కార్డులో, వృత్తి అన్నచోట, ‘క్లీనర్’ అని ఉండేది. పధ్నాలుగేళ్ల కిందట గ్యారేజీ నేల కడగడానికి పనిలో పెట్టుకున్నప్పుడు రాయించిన మాట అది. తర్వాత టైర్లు విప్పాడు, బ్రేకులు వేశాడు, ఇంజన్లు దించి ఎక్కించాడు. కార్డు మీది మాట మాత్రం కదల్లేదు.

“దానివల్ల ఇబ్బందేంటన్నా?” అని ఒకసారి అడిగాను.

“ఈ గ్యారేజ్‌ల ఉన్నన్ని దినాలు ఏం లేదు చెల్లె. బయటికి పోతెనే ఉన్నది. రేపు ఇంకో దగ్గరికి పోయి నేను మెకానిక్‌ను అంటె, ఏది కార్డు సూపియ్యి అంటరు. కార్డు జూసి నేల తుడువు అంటరు. పధ్నాలుగేండ్లు నేను చేసిన పని యాడ లేనట్టే.”

కార్డు మార్పించాల్సింది గ్యారేజీ యజమాని అబూ ఖలీల్. ఆయనే ముత్యానికి కఫీల్, అంటే వీసా ఇచ్చి పూచీ పడ్డ మనిషి. అరవై దాటిన బహ్రెయినీ, మంచివాడే, జీతం ఏనాడూ ఆపలేదు. కాని కార్డు మాట ఎత్తితే “బాద్ మే, బాద్ మే” అంటాడు. ఆ తర్వాత అనేది మూడుసార్లు వచ్చి పోయింది.

నాలుగోసారి అది మా కారు మీదికి వచ్చింది.

మావారు శ్రీనివాసరాజుది భీమవరం దగ్గర ఊరు. ఇక్కడ ఒక హోటల్లో కొనుగోళ్ల విభాగంలో పనిచేస్తారు. మా పాప మల్లిక పుట్టడానికి ఏడాది ముందు, దేశం వెళ్లిపోతున్న ఒక సహోద్యోగి దగ్గర ఎనిమిది సిలిండర్ల పాత మస్టాంగ్ ఒకటి కొన్నారు. వారమంతా అది మా బిల్డింగ్ కింద గుడ్డ కప్పుకొని ఉంటుంది. శుక్రవారం గుడ్డ తీస్తే వీధంతా తెలుస్తుంది. విమానాశ్రయం పక్కన అరాద్‌లో ఉంటాం కాబట్టి విమానాల చప్పుడుకి మా పాప కదలదు. ఈ కారు స్టార్ట్ చేస్తే మాత్రం లేచి కూర్చుంటుంది.

ఆ కారుకి సూపర్‌చార్జర్ పెట్టించాలని మావారి కోరిక. ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలి కన్నా ఎక్కువ గాలిని బలవంతాన లోపలికి తోసే పంపు అది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాలుతుంది, బలం పెరుగుతుంది. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్. తణుకులో ఇంటర్ పిల్లలకి పాఠాలు చెప్పి, ఇప్పుడు ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో చెబుతున్నాను. అందులోని సూత్రం నాకు తెలుసు. సూత్రం తెలిసినవాళ్లకే భయం ఎక్కువ. నెల రోజులు గొడవ పడి ఒప్పందానికి వచ్చాం. పదిహేను వందల దినార్లు దాటకూడదు, పాప ఆ కారు ఎక్కకూడదు, బిగించేది ముత్యమే కావాలి.

కొత్తది ఆ డబ్బుకి రాదు. అబూ ఖలీల్ తన స్టోర్‌లో రెండేళ్లుగా దుమ్ము పట్టి ఉన్న పాతదాన్ని చూపించాడు. యాక్సిడెంట్ అయిన కారు నుంచి విప్పింది. ఒకదానిలో ఒకటి పెనవేసుకున్న రెండు స్క్రూలు తిరుగుతూ గాలిని నొక్కుతాయి. ఇంజను నెత్తిన కూర్చుంటుంది. ధర తక్కువ, చూడ్డానికి గొప్పగా ఉంది. మావారు అక్కడే మనసు పారేసుకున్నారు. అబూ ఖలీల్ కూడా హుషారెక్కి ముత్యం భుజం తట్టాడట.

“ఈ కారు తయారు చెయ్యి. సెప్టెంబర్ ఆఖరి శుక్రవారం సఖీర్ రేసు ట్రాక్ మీద మూడు రౌండ్లు కొట్టి, తన చక్రాల మీద తాను ఇంటికి రావాలి. వస్తే నీ కార్డు మీద మెకానిక్ అని రాయిస్తా. నా మాట.”

తర్వాతి శుక్రవారం ముత్యం మా ఫ్లాట్‌కు వచ్చాడు. సెలవు రోజు చొక్కా వేసుకున్నా ముఖం డ్యూటీలో ఉన్నట్టే ఉంది. టీ ముట్టుకోలేదు.

“సార్, ఆ స్క్రూ మనకొద్దు.”

“అదేంటండి! మీ అబూ ఖలీల్ గారే కదా దానంతది లేదన్నారు. కాలు పెట్టగానే లాగుద్దంట. ఆ కూత వింటేనే ఒళ్లు పులకరిస్తదండి.”

“కూత కోసమైతే కుక్కర్ కొనుక్కుందాం,” అన్నాను నేను.

“నువ్వాగవే బాబూ.”

ముత్యం నవ్వలేదు. “గాదాన్ని నేను కొత్తగ జూస్తలేను సార్. నేను బోరు బండి మీద పెరిగినోణ్ని.”

మెట్‌పల్లి దగ్గర పల్లె అతనిది. పదహారో ఏట తిరుచెంగోడు నుంచి వచ్చిన బోర్ల లారీ ఎక్కాడు. ఆ లారీ మీద గదంత కంప్రెసర్ ఉంటుంది. అందులోనూ రెండు స్క్రూలే. అవి నొక్కిన గాలి పైపులోంచి భూమిలోకి వెళ్లి రాతి పొడిని పైకి ఎగజిమ్ముతుంది. ఆ కంప్రెసర్ పక్కన నిలబడి దాని వేడి కనిపెట్టి ఉండడమే ముత్యం పని. ఏడేళ్లు అదే చేశాడు. బోర్లు ఎక్కువగా వేసేది ఎండాకాలంలోనే. కంప్రెసర్ అలిసిపోయేదీ అప్పుడే. లారీ మీది తమిళ మేస్త్రీ అతనికి ఒక పద్ధతి నేర్పాడు. గాలి బయటికి వచ్చే పైపు మీద ఒక నీళ్ల బొట్టు వెయ్యాలి. బొట్టు జారిపోతే పని నడిపించవచ్చు. సుర్రుమని ఎగిరిపోతే ఇంజను ఆపి నీడన కూర్చోవాలి.

“ఒకసారి ఆపలే. బోరు ఏయించే పటేల్ తొందర పెట్టిండు. కంప్రెసర్ పట్టేసింది. నాలుగు నెల్లు పని లేకుండె మాకు. ఆ రెండు స్క్రూలనే చిన్నగ జేసి కారు ఇంజన్ మీద పెట్టిండ్రు సార్. ఇంజన్ వేడి దానికి, దాని వేడి గాలికి. గాలిని సల్లార్చే రేడియేటర్ ఒకటి దానితోని ఉండాలె. అది యాక్సిడెంట్ల పలిగిపోయిందట. ఇప్పుడది తల లేని మొండెం.”

“ఆ మాట అబూ ఖలీల్‌తో చెప్పొచ్చు కదన్నా?” అన్నాను.

“నేను చెప్తె క్లీనర్ చెప్తున్నడు అంటడు. ఆయన సామాన్ అమ్ముడు పోవుడు నాకు ఇష్టం లేదనుకుంటడు. కార్డు అడుగుడు అక్కడికే ఖతం. ఊకుండి బిగిస్తె బండి మూడు రౌండ్లు కొట్టది. అప్పుడు గూడ ఖతమే. నువ్వు సదువుకున్నదానివి గద చెల్లె, ఒక కాగితం మీద లెక్క జేసియ్యి. కాగితమంటె ఆయనకు గౌరవం.”

మల్లికను ఒళ్లో కూర్చోబెట్టుకుని లెక్క మొదలుపెట్టాను. నొక్కితే గాలి వేడెక్కుతుంది, ఎంత నొక్కితే ఎంత అన్నదానికి సూత్రం ఉంది. పాప పెన్ను లాక్కున్న ప్రతిసారీ ఆగి, చివరికి తేల్చాను.

“ఎనభై అయిదు డిగ్రీలు. వేడే. కాని మరీ అంత ప్రమాదమేం కాదన్నా.”

“చూశారా!” అన్నారు మావారు.

ముత్యం ముఖం వాడిపోయింది. కాగితం తీసుకుని కింది నుంచి పైకి చూశాడు. ఇంగ్లిషు అంతంతమాత్రమైనా అంకెలు బాగానే తెలుసు. పై గీతలో ఒకచోట వేలు పెట్టాడు.

“ఈ ఇరవై అయిదు ఏంది చెల్లె?”

“లోపలికి వెళ్లే గాలి వేడి. గది ఉష్ణోగ్రత.”

“ఎవరి గది?”

ఏడేళ్లపాటు పిల్లలకి అలాగే చెప్పాను. ఉష్ణోగ్రత ఇవ్వకపోతే ఇరవై అయిదు వేసుకోండి అని. ఆ రోజు బయట నలభై ఆరు. వేడిగాలి తగులుతుందని నాలుగు రోజులుగా పాపను బాల్కనీలోకి కూడా తీసుకెళ్లలేదు. స్నానం నీళ్లు ముప్పై ఏడు దాటకుండా థర్మామీటర్ పెట్టి చూస్తాను. అలాంటిదాన్ని, పెన్ను పట్టుకోగానే బహ్రెయిన్‌ని వదిలేసి పాఠ్యపుస్తకంలోకి వెళ్లిపోయాను.

“బయట నలభై ఆరు అయితే బానెట్ కింద ఇంకింత. అరవై అయిదు ఏస్కో,” అన్నాడు.

మళ్లీ చేశాను. ఈసారి నూట ముప్పై మూడు వచ్చింది. కాగితాన్ని మావారి వైపు తిప్పాను. “ఇంత వేడి గాలితో కలిస్తే పెట్రోలు తన సమయం రాకముందే అంటుకుంటుంది. లోపల సుత్తితో కొట్టినట్టుంటుంది. పిస్టన్లు పగిలిపోతాయి.”

ముత్యం అప్పుడు టీ కప్పు అందుకున్నాడు. చల్లారిపోయింది, మళ్లీ పెట్టిస్తానన్నా వినలేదు. “అవాలీల ఒక ముసలాయన కాడ ఇంకో రకం ఉన్నది సార్. నత్తగుల్ల. రేడియేటర్‌తోని సహా. వచ్చే శుక్రవారం పోయి సూద్దం.”

“అది కూత పెడతదా?” అడిగారు మావారు ఆశగా.

“సన్నగ ఈల ఏస్తది.”

అవాలీకి అందరం వెళ్లాం, మా మామూలు చిన్న కారులో. ఎడారిలో పైపులైన్ల పక్కనుంచి పోతూ ఉంటే హఠాత్తుగా పచ్చగడ్డి, వరసగా ఒకే తీరు ఇళ్లు వస్తాయి. ఆయిల్ కంపెనీలో పనిచేసి రిటైరైన ఒక ఇంగ్లిషాయన సామాన్లన్నీ పెట్టెల్లో సర్దుకుంటున్నాడు. ఆ సూపర్‌చార్జర్ నిజంగానే నత్తగుల్ల ఆకారంలో ఉంది. లోపల చిన్న పంకా. ఇంజను నెత్తిన కాకుండా ముందు పక్కకి, కాస్త దూరంగా బిగిస్తారట. ముందు నుంచి వచ్చే బయటి గాలినే పీలుస్తుంది. నొక్కిన గాలి రేడియేటర్‌లో చల్లారి ఇంజన్‌లోకి వెళుతుంది.

ముత్యం దాన్ని కొనేవాడిలా చూడలేదు, పిల్లల డాక్టర్‌లా చూశాడు. వేలితో చక్రాన్ని మెల్లగా తిప్పి చెవి ఆనించాడు. పక్కలకి కదిపి చూశాడు. లోపలి ఆయిల్ ఒక చుక్క వేలిమీద పూసుకుని ఎండలోకి తీసుకెళ్లి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇనుప పొడి ఉంటె మెరుస్తది. లేదు. మంచిగున్నది.”

ముసలాయన అతన్నే చూస్తున్నాడు. “నువ్వు మెకానిక్‌వా?” అని ఇంగ్లిషులో అడిగాడు.

ముత్యం ఒక క్షణం ఆగాడు. “యెస్ సార్,” అన్నాడు. బేరం కుదిరాక నత్తగుల్లని తనే ఎత్తుకొచ్చి మా కారులో పెట్టాడు.

ఇంకా అబూ ఖలీల్‌తో చెప్పాల్సి ఉంది. శనివారం మధ్యాహ్నం గ్యారేజీకి నేనూ వెళ్లాను. లెక్క నాది కాబట్టి నేనే చెప్పాలన్నాడు ముత్యం. పాపకి చెవులు మూసే హెడ్‌ఫోన్లు పెట్టి, పెట్రోలు వాసనకి దూరంగా గుమ్మంలోనే నిలబడ్డాను. అబూ ఖలీల్ కాగితాన్ని మర్యాదగా అందుకుని, చివరిదాకా చూసి, మడిచి తిరిగిచ్చాడు.

“మేడమ్, మీ చేతిరాత చాలా బాగుంది. కాని కాగితం కారు నడపదు,” అన్నాడు హిందీలో.

ముత్యం నా వైపు చూశాడు. నేను ముత్యం వైపు చూశాను. కాగితమంటే గౌరవం అన్నది ఇతనే.

“అర్బాబ్, ఒక్క నిమిషం,” అంటూ ముత్యం యజమాని చెయ్యి పట్టుకున్నంత పని చేసి గ్యారేజీ వెనక్కి తీసుకెళ్లాడు. టైర్లలో గాలి నింపే కంప్రెసర్ అక్కడ పొద్దుటి నుంచి తిరుగుతోంది. నేనూ వెనకే వెళ్లాను. పాప నుదుటి జ్వరం చూసే థర్మామీటర్ నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. తీసి పైపు వైపు చూపించాను. నలభై మూడు దాటాక అది చేతులెత్తేసి గీతలు చూపించింది.

“నీ మిషన్ పిల్లలకే చెల్లె,” అంటూ ముత్యం తాగే నీళ్ల సీసాలో వేలు ముంచి, పైపు మీద ఒక బొట్టు విదిల్చాడు. సుర్రుమంది. బొట్టు పడ్డచోట తడి కూడా మిగల్లేదు.

“ఇది టైర్లకు పోయే గాలి అర్బాబ్. టైర్‌ల పెట్రోల్ ఉండదు. అందుకని ఏం కాదు. మీ స్క్రూల నుంచి వచ్చే గాలి ఇంతే వేడి ఉంటది. కాని పోయేది పెట్రోల్ కాడికి.”

అబూ ఖలీల్ సీసా తీసుకుని తనే ఒక బొట్టు వేశాడు. తర్వాత ఇంకోటి. నాలుగో బొట్టుకి ఆయన ముఖంలో చిన్నపిల్లాడి సంబరం వచ్చింది. అది దాచుకోవడానికి గడ్డం నిమురుకున్నాడు.

“రెండేళ్లుగా అది నా స్టోర్‌లో ఉంది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?”

“మీరు అడగలే.”

“ఖలాస్. నీ నత్తనే బిగించు. కాని షరతు అదే. మూడు రౌండ్లు. మధ్యలో ఆగిందా, ఇంకెప్పుడూ కార్డు మాట నా ముందు ఎత్తకు.”

బిగించడానికి ఐదు శుక్రవారాలు పట్టింది. మిగతా రోజుల్లో డ్యూటీ ఉంటుంది కాబట్టి తన సెలవు రోజులన్నీ దానికే పెట్టాడు. బెల్టులు రెండు కొనమన్నాడు, ఒకటి బిగించడానికి, ఒకటి దాచడానికి. అన్నీ కలిపి మా పదిహేను వందల్లోనే అయిపోయింది. ఇంకాస్త నొక్కుడు పెంచితే ఇంకాస్త బలం వస్తుంది కదా అని మావారు రెండుసార్లు అడిగారు. “పాప పెండ్లి నాటికి పెంచుదం సార్,” అన్నాడు ముత్యం, తలెత్తకుండా.

సెప్టెంబర్ ఆఖరి శుక్రవారం సాయంత్రం సఖీర్‌లో నిలబడితే వేడి ఇంకా నేల నుంచి పైకి కొడుతూనే ఉంది. ఒక్కో రౌండు అంటే నిలబడ్డచోటు నుంచి నాలుగు వందల మీటర్లు తిన్నగా పరుగు, అంతే. మావారి హెల్మెట్ పట్టీ నేనే మూడుసార్లు బిగించాను. “ఊపిరి ఆడట్లేదే,” అన్నారు. ఆడేలా కాస్త వదులు చేశాను.

అబూ ఖలీల్ కాళ్ల దాకా ఉండే తెల్లటి తోబ్‌లో, ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చాడు. మొదటి రౌండు కారు నిజంగానే ఈల వేస్తూ పోయింది. ముత్యం కళ్లు మూసుకుని విన్నాడు. స్నేహితులు చప్పట్లు కొట్టారు. రెండో రౌండు ఇంకా వేగంగా ముగిసింది. టైం ఎంతో చెప్పగానే అబూ ఖలీల్ ముత్యం వీపు మీద చరిచాడు.

ముత్యం చప్పట్ల వైపు చూడలేదు. కారు తిరిగి వచ్చి వరసలో నిలబడగానే వంగి చెవి పెట్టాడు. నాకేమీ తేడా తెలియలేదు. అతను నేరుగా కిటికీ దగ్గరికి వెళ్లి, లోపలికి చెయ్యి పెట్టి తాళం తిప్పి లాగేశాడు.

“దిగుండ్రి సార్.”

“ఏమైందండి? అద్భుతంగా పోతంటే!”

“బెల్టు జారుతుంది. రెండోసారి ఆఖర్ల ఈల తెగింది. తెగి అతికింది.”

అబూ ఖలీల్ గబగబా వచ్చాడు. “ఏం చేస్తున్నావ్? ఒక్కటే మిగిలింది! పదమూడు సెకన్లు! యల్లా, పోనీ!”

“పోదు అర్బాబ్.”

“మూడు అన్నాను. మధ్యలో ఆగితే ఏమన్నానో గుర్తుందా?”

“గుర్తున్నది.”

మావారు హెల్మెట్ తీసి కిందికి దిగారు. “ముత్యం గారూ, ఒక్కటే కదండి, మెల్లగా పోనిస్తాను. మీ కార్డు...”

“కార్డు నాది సార్. బండిల ఉండేది మీరు. ఆ స్పీడ్ల బెల్టు తెగితె పక్కనున్న నీళ్ల పైపును కొడ్తది. వేడి నీళ్లు టైర్ కింద పడ్తె బండి మీ మాట ఇనది.” తాళం జేబులో వేసుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఆ తాళం అతని జేబులోకి వెళ్లినప్పుడు నాకు కలిగిన నిశ్చింత అంతా ఇంతా కాదు. వెంటనే సిగ్గేసింది. నా నిశ్చింత కోసం అతను ఏం పోగొట్టుకున్నాడో ఎదురుగానే కనబడుతోంది. అబూ ఖలీల్ గాల్లోకి చేతులు విసిరి, స్నేహితులతో అరబ్బీలో ఏదో అంటూ కార్ల పార్కింగ్ వైపు వెళ్లిపోయాడు.

ముత్యం ఆయన వెళ్లిన వైపు చూడలేదు. కారుని పక్కకి నెట్టించి, బానెట్ ఎత్తి, బెల్టు విప్పాడు. లోపలి అంచు పీచుపీచుగా లేచి ఉంది. దాన్ని నాకు చూపించాడు.

“తప్పు నాదే చెల్లె. గిలక ఒక నూలుపోగంత పక్కకున్నది. వాచర్ పలుసగ ఏసిన. గ్యారేజ్‌ల తెలువలే, ఉరికిస్తె తెలిసింది.”

ఇంజను కాస్త చల్లారనిచ్చి, మందం వాచర్ వేసి, దాచిన రెండో బెల్టు ఎక్కించాడు. గంట పట్టింది. వరసలో మా చోటు పోయి అందరికన్నా వెనక పడ్డాం. నిద్ర వేళ దాటిపోతోందని పాప నా భుజం మీద విసుగ్గా ఏడ్చింది. ఇంటికి వెళ్లిపోదామని మాత్రం నేను అనలేదు. చూసేవాళ్లు లేకపోయినా ఆ మూడో రౌండు జరగాలనిపించింది. ముత్యం కూడా ఆ మాట అనలేదు. కారుని వరసలో పెట్టించి, తాళం మావారి చేతిలో పెట్టాడంతే.

మూడోసారి ఈల ఎక్కడా తెగకుండా చివరిదాకా వినిపించింది. ఆ తర్వాత కారు తన చక్రాల మీద తాను అరాద్ వచ్చింది.

మర్నాడు ముత్యం మూడు రౌండ్ల టైం చీటీలు తీసుకుని అబూ ఖలీల్ బల్ల ముందు నిలబడ్డాడు. ఆయన చీటీల వంక చూడలేదట.

“నేను చూశాను. పార్కింగ్‌లో కారులో ఏసీ వేసుకుని కూర్చున్నా. ముసలివాణ్ని, ఆ వేడిలో గంటసేపు నిలబడమంటావా? పాస్‌పోర్ట్ ఏది?”

“మా లేబర్ క్యాంపుల ఉన్నది.”

“మరి ఇక్కడ నిలబడతావేం? యల్లా!”

పనులు పూర్తయి కార్డు చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ సాయంత్రం ముత్యం దాన్ని చొక్కా పై జేబులో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మావారు రెండు వైపులా తిప్పి చూసి చదివారు. నేనూ చదివాను. మల్లిక నోట్లో పెట్టుకోబోతే లాక్కున్నాం.

“ఇంటికి చెప్పావా అన్నా? వదిన ఏమంది?”

ముత్యం మెడ రుద్దుకున్నాడు. “ఎట్ల చెప్తనమ్మా? నేను ఈడికి వచ్చినప్పటి సంది మెకానిక్‌నే అని చెప్పిన. పధ్నాలుగేండ్లల్ల ఒక్కసారి గూడ క్లీనర్ అన్న మాట అనలే. ఇప్పుడు మెకానిక్‌ను అయిన అంటె, ఇన్నొద్దులు ఏంది మరి అనదా?”

మావారు పగలబడి నవ్వారు. నేను మాత్రం ఊరుకోలేదు. ఇంత మంచి వార్తని ఇంట్లోవాళ్లకి చెప్పుకోలేకపోవడమేంటి అని పోరు పెట్టాను. చివరికి ఫోను తీసి, స్పీకర్ పెట్టి, వినోద వదినకి కలిపాడు. రెండు నిమిషాలు వదిన బీడీలు చుట్టే కార్ఖానా గురించి, అక్కడిచ్చే చిన్న ఆకుల గురించి మాట్లాడి, తర్వాత ఒక్క ఊపున మొత్తం చెప్పేశాడు.

“నాకెరుకే,” అంది వినోద.

“ఏమెరుక?”

“మొదటేడు ఫోన్ జేసినప్పుడల్ల చేతులు నాని తోలు పోతుందంటివి. వాజిలీన్ పంపుమంటివి. నూనెల చెయ్యి పెట్టెటోనికి చెయ్యెందుకు నానుతది? నీళ్ల పని జేసెటోనికి నానుతది. అప్పుడే అనుకున్న.”

“మరి అడగకపోతివి?”

“అడిగితె నువ్వు ఇంకో అబద్ధం చెప్పాలె. మీ అమ్మకు, ఊరోళ్లకు మెకానిక్కే అని నేను గూడ చెప్పుకుంట వచ్చిన. ఇప్పుడు సుఖమైంది, ఇద్దరం అబద్ధం ఆడుడు తప్పింది. కార్డు ఫోటో తీసి పంపు.”

ముత్యం కార్డుని మా భోజనాల బల్ల మీద పెట్టి ఫోటో తీశాడు. వెలుతురు సరిగ్గా లేదని మావారు ఇంకో లైటు వేశారు. రెండోసారి తీసింది పంపాడు. అవతలి నుంచి వెంటనే జవాబు వచ్చింది. అందులో, కార్డు మీది ఫోటోల నీ మొఖం పీక్కపోయింది, అన్నం తింటున్నవా లేదా అని ఉంది. నేను లేచి కంచం పెట్టాను.